భారీ జాతి కుక్కను రక్షణ క్రీడలకు తయారుచేయడం ఎలా?

"మా గ్రేట్ డేన్‌కు 14 నెలలు నిండాయి, బరువు 58 కిలోలు ఉంది, ఇక స్లీవ్ పట్టించవచ్చా?" జాతి పేరు, నెలలు, కిలోలు మారుతూ ఉంటాయి గానీ, భారీ కుక్కలను పెంచేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే. స్లీవ్ అంటే శిక్షణలో ఎదుటి మనిషి చేతికి తొడుక్కునే మందపాటి కవచం. కుక్క దాన్నే కరిచి పట్టుకోవాలి. బరువు చూసి కుక్క ఎదిగిపోయిందని అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది. 58 కిలోల డేన్ చూడడానికి పెద్దదే గానీ, దాని ఎముకల చివర్లు ఇంకా ముదరలేదు, మనసు ఇంకా పిల్లతనం దాటలేదు. కనుక కరిపించడాన్ని వెనక్కి జరిపి, ముందుగా చేయవలసిన పనులను వరుసగా పూర్తిచేసుకుంటూ రావాలి. ఆ వరుస ఏమిటో, చేసింది కుదిరిందో లేదో ఎలా తెలుసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక స్పష్టత

రక్షణ క్రీడ వేరు, ఇంటి కాపలా వేరు. జర్మనీలో షుట్స్‌హుండ్ పేరుతో మొదలై, తర్వాత ఐపీఓగా, 2019 నుంచి ఐజీపీగా పిలుస్తున్న పోటీలో మూడు భాగాలు ఉంటాయి: వాసన పట్టి జాడ వెంట నడవడం, విధేయత, రక్షణ. ఒక్కొక్క భాగానికి 100 మార్కులు. ప్రతి భాగంలోనూ కనీసం 70 తెచ్చుకుంటేనే ఉత్తీర్ణత. అంటే ఎంత బలంగా కరిచినా, చెప్పగానే వదలని కుక్కకు, యజమాని పక్కన కుదురుగా నడవని కుక్కకు ఇందులో చోటు లేదు. ఫ్రెంచ్ రింగ్, మాండియోరింగ్ వంటి పోటీలలో ఒళ్లంతా కప్పే కవచం వాడతారు. ఫ్రెంచ్ రింగ్‌లో ఎక్కి దాటవలసిన నిలువు గోడ గరిష్ఠంగా 2.30 మీటర్ల వరకు ఉంటుంది కనుక, 50 కిలోలు దాటిన కుక్కకు నేను ఐజీపీనే సూచిస్తాను.

పేరును బట్టి కూడా మోసపోవద్దు. జెయింట్ ష్నాజర్ పేరులో "జెయింట్" ఉన్నా, ప్రమాణాల ప్రకారం దాని బరువు 35 నుంచి 47 కిలోలే. 1925లోనే దానికి పని జాతిగా గుర్తింపు వచ్చింది, ఈ క్రీడ దానికి సహజంగానే అబ్బుతుంది. మాస్టిఫ్‌లు, గ్రేట్ డేన్‌లు, లియోన్‌బెర్గర్‌ల సంగతి వేరు. ఈ మార్గదర్శిని ముఖ్యంగా వాటిని పెంచేవారి కోసం. వాటిలో చాలా కుక్కలకు పరుగెత్తే వస్తువును వెంటాడి పట్టుకోవాలనే తపన తక్కువ. మీ కుక్కలో ఆ తపన లేకపోతే ఎంత శిక్షణ ఇచ్చినా అది పుట్టదు. అటువంటప్పుడు జాడ పట్టడం, విధేయత వరకే చేయించడం ఆ కుక్క పట్ల న్యాయం.

కావలసినవి

- వెడల్పాటి మామూలు మెడపట్టీ, ఛాతీకి సరిగ్గా అమరే వెడల్పు పట్టీల హార్నెస్. కరిచే సాధన అంతా హార్నెస్‌తోనే చేయాలి. మెడపట్టీ మీద అంత బరువు లాగితే మెడ వెన్నుపూసలకు ప్రమాదం. డేన్‌లలో మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయే వ్యాధి ముందే ఎక్కువ.
- 2 మీటర్ల పగ్గం ఒకటి, ముడులు లేని 10 మీటర్ల పొడవాటి పగ్గం ఒకటి. కొక్కేలు బరువును తట్టుకునేవై ఉండాలి, ప్రతిసారీ వాడే ముందు వాటిని చేత్తో లాగి చూడాలి.
- ఒకేలా ఉన్న రెండు జనపనార టగ్‌లు (టగ్ అంటే కుక్క కరిచి పట్టి లాగే ఆటవస్తువు), రెండు పిడులున్న మెత్తటి కరిచే దిండు, తర్వాతి దశకు మెత్తటి స్లీవ్. గట్టి స్లీవ్ చివరికి గానీ అక్కర్లేదు.
- జారని పచ్చిక నేల. సిమెంటు నేల మీద, తడి నేల మీద ఈ సాధన చేయవద్దు.
- భారీ కుక్కలను పట్టించిన అనుభవమున్న హెల్పర్. స్లీవ్ తొడుక్కుని కుక్కకు ఎదురు నిలిచే మనిషిని హెల్పర్ అంటారు. ఈ జాబితాలో దేనికైనా ప్రత్యామ్నాయం దొరుకుతుంది గానీ, దీనికి మాత్రం దొరకదు. హెల్పర్ దొరకకపోతే 5వ మెట్టు దగ్గరే ఆగిపోండి.

మీరు ఉండే చోట కొన్ని జాతులపై గానీ, కరిచే శిక్షణపై గానీ చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయేమో ముందే విచారించుకోండి.

1. ముందుగా వైద్య పరీక్షలు

పశువైద్యుడితో తుంటి, మోచేయి కీళ్ల ఎక్స్‌రే తీయించండి. భారీ జాతులకు తుంటి కీలు తుది అంచనాను 18 నెలలకు ముందు చేయించడంలో అర్థం లేదు. కొన్ని సంస్థలు 24 నెలలు నిండితే గానీ తుది ధ్రువపత్రం ఇవ్వవు. డేన్ వంటి జాతులలో గుండె కండరం పలచబడి సాగిపోయే వ్యాధి ఉంటుంది కనుక గుండెకు ఎకో పరీక్ష కూడా అవసరం. ఒక్కసారి చేయించి వదిలేయకుండా, ఏటా చేయించండి. ఎక్స్‌రేలో తేడా కనిపిస్తే ఈ క్రీడ ఆలోచన అక్కడితో మానేయండి. కుంటని కుక్కకు కూడా కీలు చెడి ఉండవచ్చు. భారీ కుక్కలు నొప్పిని చాలాకాలం దాచుకుంటాయి.

2. ఒంటిని సన్నగా పెంచడం

భారీ కుక్కపిల్లను త్వరగా బలిసేలా పెంచితే కీళ్లు పాడవుతాయి. లాబ్రడార్‌ల మీద వాటి జీవితకాలమంతా సాగిన ఒక అధ్యయనంలో, తోటి కుక్కల కంటే 25 శాతం తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటి కీళ్లు కూడా ఆలస్యంగా అరిగాయి. బరువు కాటా మీద అంకె కంటే చేతి వేళ్లే మంచి కొలత: పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే నొక్కకుండానే ఎముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము లోపలికి పోయి కనిపించాలి. పెద్ద జాతుల పిల్లల కోసం తయారైన ఆహారం పెడుతూ విడిగా కాల్షియం పొడులు కలపవద్దు. పిల్ల శరీరం అదనపు కాల్షియాన్ని సరిగా అదుపు చేసుకోలేదు, అది ఎముకల ఎదుగుదలనే చెడగొడుతుంది.

18 నెలల వరకు గెంతించడం, మెట్ల మీద పరుగులు, బంతిని తెమ్మని పదేపదే విసరడం, సైకిల్ వెంట పరుగెత్తించడం వద్దు. మెత్తటి నేల మీద నడక, నెమ్మదిగా మిట్ట ఎక్కడం, నేల మీద పరిచిన కర్రల మధ్య అడుగులు చూసుకుని దాటడం మంచివి. చివరిదానితో కుక్కకు తన వెనక కాళ్లు ఎక్కడున్నాయో తెలిసివస్తుంది. ఇంత పెద్ద ఒంటికి ఆ ఎరుక చాలా అవసరం.

3. జాడ పట్టడం, విధేయత

ఈ రెండూ పిల్ల ఇంటికి వచ్చిన వారం నుంచే మొదలుపెట్టవచ్చు. జాడ పట్టడంలో కీళ్లకు దెబ్బ ఉండదు, కుక్క తల దించి నెమ్మదిగా నడుస్తుంది, బుర్రకు మాత్రం నిండుగా పని దొరుకుతుంది. భారీ కుక్క యజమానికి ఇంతకంటే మంచి అవకాశం లేదు, అయినా దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

విధేయతలో ఒక్కొక్క విడత 5 నిమిషాలు దాటకూడదు. భారీ కుక్క కూర్చోవడానికి, పడుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. అది మొండితనం కాదు, పొడవైన కాళ్లను మడుచుకునే తీరే అంత. గట్టి నేల మీద 20 సార్లు కూర్చోబెడితే 21వ సారి అది కూర్చోదు, అందులో దాని తప్పు లేదు. వీటితో పాటు మనుషుల పట్ల నిర్లిప్తత నేర్పండి: కొత్తవారు పక్కనుంచి నడిచిపోతున్నా కుక్క చూపు మీ మీదే ఉండాలి. వచ్చినవారి మీద మొరిగితే మెచ్చుకునే అలవాటు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించండి.

4. పట్టు నేర్పడం

రక్షణ భాగానికి ప్రాణం పట్టు. మంచి పట్టులో నోరు నిండుగా, దవడ పళ్ల వరకు లోతుగా ఉంటుంది. కుక్క గురగురమనదు, నమలదు, ఇటూ అటూ పట్టు మార్చదు. దీన్ని మీరే, టగ్‌తో, ఆటగా నేర్పాలి. పాలపళ్లు రాలుతున్న 4 నుంచి 7 నెలల మధ్య మాత్రం లాగే ఆట పూర్తిగా ఆపండి.

టగ్‌ను కుక్క ముఖం మీదికి తోయవద్దు. నేల మీదుగా, దానికి దూరంగా, భయపడి పారిపోయే జంతువులా కదిలించండి. పట్టుకోగానే మీరు లాగకుండా, బిగువు మాత్రం ఉంచి నిలబడండి. కుక్క పట్టును లోతుకు తోసుకున్న మరుక్షణం టగ్‌ను వదిలేసి దానికి గెలుపు ఇవ్వండి. లోతుగా పట్టుకుంటే వస్తువు తనదవుతుందని, నమిలితే ఆట చప్పబడుతుందని కుక్కకు అర్థమైతే చాలు. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగైదు పట్లు సరిపోతాయి.

పొట్టి ముఖం, వేలాడే పెదవులు ఉన్న జాతుల దగ్గర మరొకటి గమనించాలి. మా మాస్టిఫ్ రెండేళ్ల వయసులో దిండును పట్టిన రెండు క్షణాలకే వదిలేస్తూ ఉండేది. దానికి ఇష్టం తగ్గిందనుకుని మూడు వారాలు రకరకాలుగా ఉసిగొలిపాను. చివరికి ఒక రోజు పెదవి ఎత్తి చూస్తే, పై పెదవి లోపలి వైపు కోర పక్కన నలిగిన గుర్తు, దాని మీద ఎండిన రక్తపు చార కనిపించాయి. పట్టిన ప్రతిసారీ తన పెదవిని తానే కరుచుకుంటోంది. దిండు తీసేసి సన్నటి టగ్ ఇచ్చాక, పుండు మానిన పది రోజులకు పట్టు మళ్లీ నిలిచింది. ఆ మూడు వారాలకు నేను ఇప్పటికీ బాధపడతాను. కుక్క పట్టు వదిలేస్తుంటే ముందు నోరు తెరిచి చూడండి, ఆ తర్వాతే దాని మనసు సంగతి. పొట్టి ముక్కు కుక్కలు నోరు నిండా పట్టినప్పుడు ఊపిరికి ఇబ్బంది పడి కూడా వదులుతాయి. వాటికి 5 నుంచి 8 క్షణాల పట్టు చాలు.

5. వదలడం నేర్పడం

హెల్పర్ దగ్గరికి వెళ్లే ముందే ఇది పూర్తికావాలి. 65 కిలోల కుక్క నోటి నుంచి వస్తువును బలంతో తీసుకోవడం ఎవరి వల్లా కాదు, అందుకు ప్రయత్నించిన ప్రతిసారీ కుక్క ఇంకా గట్టిగా పట్టడమే నేర్చుకుంటుంది.

కుక్క టగ్ పట్టి ఉండగా, టగ్ రెండు కొసలనూ పట్టుకుని మీ తొడకు ఆనించి, రాయిలా కదలకుండా నిలబడండి. మాట్లాడవద్దు, కళ్లలోకి చూడవద్దు. మొదటి రోజు అర నిమిషం పట్టవచ్చు, రెండు నిమిషాలైనా పట్టవచ్చు. కాసేపటికి కంటి వెనక, చెంప మీద ఉబ్బి ఉన్న దవడ కండరం ఒక్కసారిగా మెత్తబడుతుంది. సరిగ్గా ఆ క్షణంలో "వదులు" అనండి. నోరు విడిపోగానే ఒక అడుగు వెనక్కి వేసి, అదే టగ్‌ను మళ్లీ పట్టుకోనివ్వండి. వదిలినందుకు బహుమానం మళ్లీ పట్టడమే కావాలి. వదిలితే ఆట అయిపోతుందని కుక్క అనుకుంటే ఎన్నటికీ సంతోషంగా వదలదు. కదలకుండా నిలబడినా వదలకపోతే, రెండో టగ్‌ను మీ వీపు వెనక నుంచి తీసి కదిలించండి. మొదటిది వదిలిన క్షణం రెండోదాన్ని పట్టనివ్వండి. పది, పదిహేను రోజులయ్యాక మాటను ముందుకు జరపండి: ముందు "వదులు", ఆ తర్వాత టగ్ నిశ్చలం.

మాట ఒక్కసారే చెప్పాలి. "వదులు, వదులు, వదలమంటున్నానా" అని మూడుసార్లు అన్నవారి కుక్క మూడోసారికే వదలడం నేర్చుకుంటుంది, పోటీలో ఆ మూడోసారికి మార్కులు ఉండవు. మెడపట్టీ కుదపడం, విద్యుత్ పట్టీ వాడడం, దవడలు వేళ్లతో విడదీయడం వద్దు. చాలా భారీ కుక్కలు యజమాని కోపాన్ని మనసులో పెట్టుకుంటాయి. ఒక్క దురుసు పాఠంతో నెలల తరబడి టగ్ వంకే చూడని కుక్కలను చూశాను.

సరిచూసుకోవడం: కొత్త చోట, కుక్క ఉత్సాహంగా ఉన్నప్పుడు, ఒకే మాటకు రెండు క్షణాల లోపు పదిసార్లలో తొమ్మిదిసార్లు వదులుతోందా? అయితే 6వ మెట్టుకు వెళ్లండి. లేకపోతే వెళ్లవద్దు.

6. హెల్పర్ పరిచయం

18 నెలలు దాటాక, ఎక్స్‌రేలు బాగున్నాక ఇది మొదలుపెట్టండి. కుక్కను హార్నెస్‌తో ఒక గట్టి స్తంభానికి కట్టండి, మధ్యలో సాగే రబ్బరు తాడు ఉంటే కుదుపు తగ్గుతుంది. పగ్గాన్ని మీ చేతికి చుట్టుకోవద్దు. అంత కుక్క ఒక్క ఊపున లాగితే భుజం తప్పుతుంది, వేళ్లు విరుగుతాయి. హెల్పర్ దూరంగా వచ్చి, పక్కకు తిరిగి, దిండును కదిలించి మాయమవ్వాలి. కుక్క ముందుకు తోసుకుంటూ నిండు గొంతుతో మొరిగితే అతడు వెనక్కి తగ్గాలి. తన గొంతుకు ఎదుటివాడు కదులుతాడని తెలిసిన కుక్క, పోటీలో అవసరమయ్యే నిలబడి మొరిగే కాపలాను తేలిగ్గా నేర్చుకుంటుంది. ఈ దశలో ఒక విడతకు రెండు మూడు పట్లే, అవీ కట్టి ఉంచిన చోటనే.

గొంతు సన్నగా కీచుమంటోందా, తోక కాళ్ల మధ్యకు పోయిందా, చూపు పక్కలకు తిరుగుతోందా, ఉన్నట్టుండి నేల వాసన చూస్తోందా అన్నది గమనించండి. ఇవి భయానికి గుర్తులు. వెంటనే హెల్పర్‌ను దూరం పంపి, తేలికైన పట్టు ఒకటి ఇచ్చి ముగించండి. రెండు మూడు నెలలు ఆగి చూసినా మార్పు లేకపోతే ఆ కుక్కను ఈ భాగంలోకి తేవద్దు. భయంతో కరిచే 60 కిలోల కుక్క మనుషులకు ప్రమాదకరం.

7. పరుగెత్తి పట్టడం

అదే వేగంతో వచ్చినా 64 కిలోల కుక్క 32 కిలోల కుక్క కంటే రెట్టింపు శక్తితో తాకుతుంది. హెల్పర్ కదలకుండా ఎదురు నిలబడితే ఆ శక్తి అంతా కుక్క మెడలోకి, కోరలలోకి, భుజాలలోకి వెళుతుంది. అందుకే కుక్క తాకే క్షణంలో హెల్పర్ ఒంటిని పక్కకు తిప్పి, స్లీవ్‌ను కుక్క పోతున్న దిశలోనే సాగనిచ్చి, అర్ధచంద్రాకారంగా తిరిగి దాని నాలుగు కాళ్లూ మెత్తగా నేలకు ఆనేలా దింపాలి. మీ హెల్పర్‌ను ముందుగా ఏదైనా బరువైన కుక్కతో పనిచేస్తుండగా చూడండి. కుక్క వెనక భాగం గాలిలో గిరగిర తిరిగినా, మెడ మీద వేలాడినా, మీ కుక్కను అతడికి ఇవ్వవద్దు.

10 మీటర్ల దూరంతో మొదలుపెట్టి, 24 నెలలు నిండాకే పూర్తి వేగం వరకు వెళ్లండి. విధేయత భాగంలో కుక్క దూకి దాటవలసిన అడ్డం 2019 నిబంధనల ప్రకారం పై స్థాయిలో ఒక మీటరు ఎత్తు. సాధనంతా 40 సెంటీమీటర్ల ఎత్తు మీదే చేయించి, పూర్తి ఎత్తును నెలకు రెండు మూడుసార్లకు మించకుండా దూకించండి.

కడుపు, వేడి

భారీ, లోతు ఛాతీ కుక్కలలో కడుపు ఉబ్బి మెలితిరిగిపోయే జబ్బు గంటల్లో ప్రాణం తీస్తుంది. సాధనకు ముందు రెండు గంటలు, తర్వాత ఒకటి రెండు గంటలు ఆహారం పెట్టవద్దు. రోజు తిండిని రెండు మూడు పూటలుగా పంచండి. ఏమీ బయటికి రాకుండా వాంతికి ప్రయత్నించడం, చొంగ కార్చడం, కుదురుగా నిలవలేకపోవడం, పొట్ట డప్పులా బిగుసుకోవడం కనిపిస్తే తెల్లవారే దాకా చూడవద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కడుపును ముందుగానే లోపలి గోడకు కుట్టి మెలితిరగకుండా చేసే శస్త్రచికిత్స ఉంది, మీ వైద్యుడితో మాట్లాడండి.

ఎండలో సాధన వద్దు. కుక్క మామూలు ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే అది వడదెబ్బ. నాలుక వెడల్పయి ముదురు ఎరుపుకు తిరిగినా, అడుగులు తడబడినా వెంటనే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, గాలి ఆడనిస్తూ వైద్యుడి దగ్గరికి బయలుదేరండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది, సాధన బాగా సాగిన రోజున ఇంకొక్క పట్టు ఇప్పించడం. ఆ ఇంకొక్కటిలోనే అలసిన కుక్క పట్టు జారుతుంది, ఆ జారిన పట్టే దానికి గుర్తుండిపోతుంది. నెలకొక హెల్పర్‌ను మార్చడం, ఇంట్లో పిల్లలతో టగ్ ఆడించడం, స్లీవ్‌ను ఇంట్లో కుక్కకు అందేలా వదిలేయడం తర్వాతివి. స్లీవ్ లేని హెల్పర్ మైదానం బయట పక్కనుంచి నడిచిపోయినప్పుడు కుక్క మామూలుగా ఉండాలి. అతడి చేతి వంక గురిపెట్టి చూస్తోందంటే కరిచే సాధన నెల రోజులు ఆపి 3వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

ఫలితం ఎలా తెలుస్తుంది?

ప్రతి సాధననూ పక్కనుంచి వీడియో తీయించండి, నెమ్మదిగా తిప్పి చూడండి: నోరు మొదటి క్షణంలోనే నిండిందా, దిగేటప్పుడు ముందరి కాళ్లు రెండూ సమానంగా ఆనాయా? మర్నాడు ఉదయం కుక్క నిద్ర లేవడాన్ని గమనించండి. మొదటి పది అడుగుల్లో బిగుసుకున్నట్టు నడిచినా, తల పైకీ కిందికీ ఊపుతూ నడిచినా, మెట్టు ఎక్కడానికి తటపటాయించినా, నిన్నటి సాధన దాని ఒంటికి మించిందన్నమాట. వారం విశ్రాంతి ఇచ్చి, మళ్లీ సగంతో మొదలుపెట్టండి. వారం తర్వాత కూడా అలాగే ఉంటే వైద్యుడికి చూపించండి.

ఎఫ్‌సీఐ (కుక్కల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య) 2019 నిబంధనలలో బీహెచ్ అనే ప్రాథమిక పరీక్షకు కనీస వయసు 15 నెలలు, ఐజీపీ మొదటి స్థాయికి 18 నెలలు. అవి కనీస వయసులు మాత్రమే. నిబంధనలను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కనుక పేరు నమోదుకు ముందు తాజా ప్రతిని చదవండి. భారీ కుక్కను బీహెచ్‌కు రెండేళ్లకు, మొదటి స్థాయికి మూడేళ్ల దరిదాపుల్లో తీసుకువెళ్లడం నా పద్ధతి. పోటీకి ముందు మూడు రోజులు కరిపించవద్దు, దూకించవద్దు; పొద్దున ఒక నడక, సాయంత్రం ఒక చిన్న జాడ చాలు.